మాత్ర సరే, ఎలా మింగుతున్నారు? పెరంబూరు క్లినిక్‌లో ఒక హైపోథైరాయిడ్ కేసు

పేషెంటుకి 38 ఏళ్ళు. పుట్టిల్లు సూళ్ళూరుపేట వైపు, మెట్టినిల్లు చెన్నైలో పెరంబూరు. ఇంటికి దగ్గర్లోనే ఓ బట్టల షాపులో లెక్కలు చూస్తుంది. బడికెళ్ళే పిల్లలిద్దరు, భర్త, అత్తగారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చింది మే నెలలో, కత్తెర ఎండలు మండిపోతున్నప్పుడు. బయట హాల్లో అందరూ ఫ్యాను కిందికి జరుగుతుంటే ఈవిడ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని గోడవారన కూర్చుంది. లోపలికొచ్చి మొదట అడిగింది ఏసీ తగ్గించమనే.

ఏడాదిగా ఒంట్లో ఓపిక లేదంటుంది. ఆ ఏడాదిలో మలబద్ధకానికి ఇసబ్‌గోల్ వాడింది. రాత్రిపూట అరచేతులు తిమ్మిరెక్కుతుంటే మణికట్టుకి పట్టీ వేశారు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని ఐరన్, క్యాల్షియం రాశారు. కడుపు ఉబ్బరానికి ప్యాంటోప్రజోల్ రెండేళ్ళుగా నడుస్తూనే ఉంది. వీటిలో ఏదీ తప్పు మందు కాదు. ఒక్కో ఫిర్యాదునీ విడిగా చూస్తే అది ఊళ్ళో సగం మంది చెప్పుకునేదే. థైరాయిడ్ తగ్గినప్పుడు, అంటే హైపోథైరాయిడ్‌లో, వచ్చే తంటా ఇదే, నాదంటూ ఒక్క లక్షణాన్నీ గట్టిగా చూపించదు. ఈవిడ విషయంలో నాకు అనుమానం ముదిరింది భర్త మాటతో. "ఎప్పుడు ఫోన్ చేసినా అప్పుడే నిద్రలేచినట్టుంటుందండీ గొంతు. మొదట్లో కోపంగా ఉందేమో అనుకునేవాణ్ణి" అన్నాడాయన.

నాడి నిమిషానికి 56. బీపీ 128/94. కింది అంకె పెరగడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే. కళ్ళ కింద ఉబ్బు, మోచేతుల దగ్గర గరుకుదనం, గొంతు ముందు భాగంలో థైరాయిడ్ గ్రంథి కొంచెం పెద్దదై చేతికి గట్టిగా తగిలింది. రెండేళ్ళలో 9 కిలోలు పెరిగి ఇప్పుడు బరువు 64.

ఇలాంటప్పుడు నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ దాన్ని గురించి పెద్దగా మాట్లాడరు. పేషెంటుని కుర్చీ మీద మోకాళ్ళూనమని, పాదాలు అంచు బయటికి వేలాడనిస్తాం. మడమ వెనక నుంచి పిక్కలోకి వెళ్ళే లావుపాటి పట్టీ మీద సుత్తితో చిన్నగా కొడితే పాదం టక్కున కదులుతుంది. అసలు చూడాల్సింది ఆ తర్వాత. మామూలుగా అయితే పాదం అంతే చురుగ్గా వెనక్కి వచ్చేస్తుంది. ఈవిడ పాదం కదలడం బాగానే కదిలింది గానీ, తిరిగి రావడానికి ఎక్కడలేని తీరిక తీసుకుంది. మళ్ళీ కొట్టి భర్తకీ చూపించాను. రిపోర్టు రాకముందే జబ్బు ఇంటివాళ్ళ కంటికి కనబడితే, తర్వాత మందు వేయించడం సులువవుతుంది.

రక్తపరీక్షలు వచ్చాయి. టీఎస్‌హెచ్ 68. మా ల్యాబ్ లెక్కలో 4 చుట్టుపక్కలకి మించకూడదు. థైరాయిడ్ తయారుచేసే హార్మోను ఫ్రీ టీ4 0.4, ఉండాల్సింది కనీసం 0.8. ఒళ్ళే థైరాయిడ్ మీద దాడి చేస్తోందని చూపే యాంటీ టీపీఓ యాంటీబాడీలు 600 దాటాయి. హిమోగ్లోబిన్ 9.2, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6, చెడ్డదనే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ 182. ఈసీజీలో గుండె నెమ్మదిగా కొట్టుకోవడం తప్ప వేరే తేడా లేదు.

టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే ఆర్డరు. థైరాయిడ్ పని చేయకపోతే ఆర్డరు గట్టిదవుతుంది. అందుకే థైరాయిడ్ 'తక్కువ' ఉన్నవాళ్ళకి టీఎస్‌హెచ్ 'ఎక్కువ' కనిపిస్తుంది. ఇది తలకిందులుగా అర్థమై, "నాకు థైరాయిడ్ 68కి పెరిగిపోయింది" అంటూ వచ్చేవాళ్ళు వారానికొకరైనా ఉంటారు.

ఉప్పు గొడవ

కారణం హషిమోటో థైరాయిడైటిస్. 1912లో దీన్ని మొదట వర్ణించిన జపాన్ డాక్టరు పేరే జబ్బుకి స్థిరపడింది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన థైరాయిడ్ గ్రంథినే పరాయిదనుకుని మెల్లమెల్లగా దెబ్బతీస్తుంది. ఆడవాళ్ళలో బాగా ఎక్కువ, కుటుంబాల్లో నడుస్తుంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు సహా ఎనిమిది నగరాల్లో చేసిన సర్వే ఒకటి 2013లో అచ్చయింది. పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడ్ ఉందని, వాళ్ళలో సుమారు మూడో వంతు మందికి ఆ సంగతే తెలియదని అందులో తేలింది.

ఇదంతా చెప్పి పంపిన వారంలోపే ఇంట్లో ఉప్పు మారిపోయింది. ఎవరో పంపిన వీడియో చూసి అయోడిన్ ఉప్పు బయట పడేసి, ఇక్కడ ఇందుప్పు అని అమ్మే రాతి ఉప్పు తెచ్చారు. ఫోన్ చేసి చెబుతుంటే ఆవిడ గొంతులో ఏదో ఘనకార్యం చేసిన ధీమా. నేను వద్దన్నాను. ఈవిడ జబ్బు అయోడిన్ లోపం వల్ల వచ్చింది కాదు, కాబట్టి అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు మింగితే నయం కాదు, పైగా ముదరొచ్చు. అలాగని వంటలో వేసుకునే మామూలు అయోడిన్ ఉప్పుతో ఆవిడకి వచ్చే నష్టమూ లేదు. కానీ అదే కూర పిల్లలూ తింటారు. మన దేశంలో గాయిటర్ (థైరాయిడ్ వాచి గొంతు ఉబ్బడం) నివారణ కార్యక్రమం 1962లో మొదలైంది ఊరికే కాదు, అయోడిన్ తగ్గితే కడుపులో బిడ్డ మెదడు దగ్గర్నుంచి దెబ్బతింటుంది. ఒకరి జబ్బు పేరు చెప్పి ఇల్లంతటికీ అయోడిన్ మాన్పించడం ఏం న్యాయం? క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా మానేశారట. ఉడికించి మామూలుగా తినేంతలో వాటి వల్ల ఇబ్బంది లేదని చెప్పాను. కాలీఫ్లవర్ వేపుడంటే చిన్నవాడికి ప్రాణమట, ఆ మాట మాత్రం వెంటనే అమలైంది.

జీవితాంతమా?

ఈ ప్రశ్న అడగని పేషెంటు ఇంతవరకు తగల్లేదు. ఈవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగింది. బీపీ మాత్రకి, షుగర్ మాత్రకి లేని బెంగ దీనికెందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. బహుశా చిన్న వయసులోనే మొదలవుతుంది కాబట్టేమో. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు, ఒళ్ళంతా వాచి మంచాన పడ్డ ఓ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. తర్వాత అదే రసాన్ని నోటిద్వారా తీసుకుంటూ ఆవిడ మరో 28 ఏళ్ళు బతికి 74వ ఏట పోయింది. మనం ఇప్పుడు మింగే లెవోథైరాక్సిన్ మాత్రలో గొర్రె లేదు, మన గ్రంథి తయారుచేసే హార్మోనునే ఫ్యాక్టరీలో చేస్తారు. ఒంట్లో లేనిదాన్ని బయటి నుంచి నింపుతున్నాం, అంతే. ఈ కథ విన్నాక ఏడుపు ఆగింది గానీ "గొర్రెదా!" అని మొహం చిట్లించుకుంది.

డోసు విషయం. వయసులో ఉండి, గుండె జబ్బు లేనివాళ్ళలో థైరాయిడ్ బాగా తగ్గిపోయినప్పుడు కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున మొదట్నుంచే పూర్తి డోసు ఇవ్వొచ్చు. 64 కిలోలకి లెక్క 102 అవుతుంది, 100 రాశాను. 25తో మొదలుపెట్టి రెండు నెలలకోసారి ఒక్కో మెట్టూ ఎక్కించడం వృద్ధులకి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అవసరం. 38 ఏళ్ళ మనిషిని అలా ఎక్కిస్తూ పోతే ఏడాదిలో సగం నీరసంతోనే గడిచిపోతుంది. మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోవాలి. ఈ రకం జబ్బున్నవాళ్ళలో అరుదుగా మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కూడా దెబ్బతిని ఉంటాయి, అది గమనించకుండా థైరాక్సిన్ ఇస్తే ప్రమాదం. లేవగానే కళ్ళు తిరగడం, బరువు తగ్గిపోవడం, ఒళ్ళు నల్లబడటం, లో బీపీ ఉన్నాయా అని అడిగి చూశాను. ఏవీ లేవు.

కొలెస్ట్రాల్‌కి మందు రాయలేదు. థైరాయిడ్ తక్కువున్నప్పుడు ఎల్‌డీఎల్ పెరగడం మామూలే, థైరాయిడ్ సర్దుకుంటే చాలావరకు దిగుతుంది. పైగా ఈ స్థితిలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వేస్తే కండరాల నొప్పులొచ్చే అవకాశం ఎక్కువ. ముందు దీని సంగతి చూసి, అప్పుడు దాని సంగతి చూద్దామన్నాను.

రెండు నెలల తర్వాత 29

ఈ మందు రక్తంలో సగం తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. కొత్త డోసు నిలకడగా స్థిరపడి, పిట్యూటరీ దానికి అలవాటుపడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. నెల తిరక్కుండా టెస్టు చేయించుకుంటే వచ్చే అంకెతో టెన్షన్ తప్ప లాభం లేదు. ఎనిమిది వారాలకి చేయిస్తే టీఎస్‌హెచ్ 29, ఫ్రీ టీ4 0.7. తగ్గింది, కానీ 100 మైక్రోగ్రాములకి తగ్గాల్సినంత కాదు. బంధువుల్లో నర్సు ఒకావిడ 150కి పెంచమన్నారట.

నేను పెంచలేదు. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని, అత్తగారిని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను. ఈ పద్ధతిని కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్లకి గట్టిగా చెబుతాను. చీటీ మీద మనం రాసేది ఒకటి, వంటింట్లో జరిగేది ఇంకొకటి. ఆ రెండో దాన్ని ఏ ల్యాబూ కొలవలేదు.

సంచి బల్ల మీద గుమ్మరించారు. థైరాక్సిన్ సీసా లోపలేదీ లేదు, ఖాళీ. మాత్రలన్నీ ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మారాయి, ఆ డబ్బా ఉండేది స్టవ్ పక్క గూట్లో, పోపుల డబ్బా వెనక. మూత తీస్తే ఇంగువ వాసన. ఈ మందుకి వేడి, తేమ, వెలుతురు మూడూ పడవు. చెన్నైలో గ్యాస్ స్టవ్ పక్కన ఆ మూడింటికీ కొదవ లేదు.

"పొద్దున్నే వేసుకుంటున్నారా అమ్మా?"

"పరగడుపునే వేసుకుంటున్నా డాక్టర్ గారూ, ఒక్కరోజు కూడా టిఫిన్ తిని వేసుకోలేదు."

"దేనితో?"

"కాఫీతో."

అత్తగారు అందుకున్నారు. "అయిదింటికల్లా డికాక్షన్ దిగుతుంది బాబూ. కోడలు లేచీ లేవగానే గ్లాసు చేతికిస్తాను. ఆ మాత్రా అప్పుడే వేసుకోమంటాను, మర్చిపోతుందని." కాఫీ తిండి కిందికి రాదన్నది ఆ ఇంట్లో అందరి లెక్క. కాఫీతో వేసుకుంటే మాత్ర పేగుల్లోంచి సరిగా ఒంటికెక్కదని ఎవరికి తోస్తుంది?

మిగతావీ ఒకటొకటిగా బయటికొచ్చాయి. టిఫిన్ అవగానే ఐరన్, క్యాల్షియం రెండూ కలిపి వేసేస్తుంది. ఈ రెండూ పేగుల్లో థైరాక్సిన్‌ని పట్టేసుకుంటాయి, కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. మాత్ర కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి, ప్యాంటోప్రజోల్ దాన్ని తగ్గించేస్తుంది. ఇక శనివారాలు. వెంకటేశ్వరస్వామికి ఉపవాసం కాబట్టి ఆ రోజు మాత్ర కూడా ఎంగిలి కింద లెక్క, మానేస్తుంది. నెలకి నాలుగైదు మాత్రలు అక్కడే పోయాయి.

మోటరు వేళ

కాఫీ మానమనడం నోటికి తేలికే. ఆవిడ రోజు మొత్తంలో కూర్చుని తాగేది ఆ ఒక్క గ్లాసే. అరగంట నుంచి గంట ఆగి తాగమంటే, ఆ గంటలో వంట, క్యారేజీలు, పిల్లల్ని లేపడం. ఆగడం జరగదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. రాత్రి పడుకునేముందు వేసుకోవచ్చు, కొందరికి అది బాగా కుదురుతుంది. కానీ భోజనమయ్యాక మూడు గంటలు గడవాలి. వీళ్ళ ఇంట్లో తొమ్మిదిన్నరకి తిని పదిన్నరకి పడుకుంటారు.

మాటల్లో ఇంకో సంగతి తెలిసింది. నాలుగింటికి మెట్రో వాటర్ వస్తుంది. మోటరు వేయడానికి ఆవిడే లేస్తుంది, వేసి మళ్ళీ ఓ గంట నడుం వాలుస్తుంది. ఇంకేం కావాలి! కొత్త సీసా, దాని మూతతో సహా, హాల్లో మోటరు స్విచ్ దగ్గరున్న అలమరలో పెట్టమన్నాను, పక్కనే మూతపెట్టిన గ్లాసుతో మంచినీళ్ళు. స్విచ్ వేయడం, మాత్ర మింగడం ఒకే పని. అయిదు తర్వాత అత్తగారి కాఫీ యథాప్రకారం. ఐరన్ మధ్యాహ్నం షాపులో భోజనం దగ్గర, కొంచెం నిమ్మరసంతో. క్యాల్షియం రాత్రి భోజనంతో. ప్యాంటోప్రజోల్ మెల్లగా తగ్గించి ఆపేశాం, మలబద్ధకం తగ్గేసరికి ఉబ్బరం కూడా చాలావరకు పోయింది. ఉపవాసం రోజు గుక్కెడు నీళ్ళతో మాత్ర వేసుకుంటే దేవుడేమీ అనుకోడని అత్తగారే తీర్పు ఇచ్చారు. ఎప్పుడైనా మర్చిపోతే గుర్తొచ్చిన రోజే వేసుకోవచ్చు, మర్నాడు రెండు వేసుకున్నా ఆవిడ వయసులో ఇబ్బంది ఉండదు. గుండె జబ్బున్నవాళ్ళు మాత్రం అడక్కుండా అలా చేయకూడదు.

డోసు అదే 100. మరో ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ 5.9, ఫ్రీ టీ4 1.2. ఆ నర్సు బంధువు మాట విని 150కి పెంచి, తర్వాత ఎప్పుడో కాఫీ వేళ మారి ఉంటే, గుండెదడతో వచ్చి ఉండేది.

ఏది ఎప్పుడు తగ్గిందో కూడా రాస్తాను, ఎందుకంటే పేషెంట్లు ఆశలు వదులుకునేది ఈ వరస తెలియకే. అన్నిటికంటే ముందు మొహంలో ఉబ్బు తీసింది, గొంతు మారింది. తర్వాత చలి, మలబద్ధకం. చేతుల తిమ్మిరి మూడో నెలకల్లా పోయింది, పట్టీ తీసేసింది. నెలసరి దారిలో పడటానికి ఇంకొంచెం పట్టింది. ఎల్‌డీఎల్ 182 నుంచి 121కి దిగింది, ఏ స్టాటిన్ అక్కర్లేకుండానే. బరువు 3 కిలోలు తగ్గి అక్కడ ఆగింది. ఆవిడ 9 పోతాయనుకుంది. థైరాయిడ్ వల్ల పెరిగే బరువులో చాలా భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ, అది పోతుంది. మిగతాది మనందరిదీ ఎలా పెరిగిందో అలాగే పెరిగింది, తగ్గించాలన్నా అదే దారి. బరువు తగ్గడానికి డోసు పెంచమని బతిమాలేవాళ్ళుంటారు. ఆ కోరిక మాత్రం నేను తీర్చను. ఎక్కువైన థైరాక్సిన్ కొవ్వుతో ఆగదు, ఎముకల్నీ గుండె లయనీ కూడా తినేస్తుంది.

జుట్టు అన్నిటికంటే వెనకబడింది. అదే తర్వాతి చిక్కు తెచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి వచ్చిన రిపోర్టు

ఇంకో మూడు నెలలకి చేయించిన టెస్టు వాట్సాప్‌లో వచ్చింది, ఎర్ర అక్షరాలతో. టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 4.6. ల్యాబువాళ్ళు హైపర్‌థైరాయిడ్, అంటే థైరాయిడ్ ఎక్కువైందని రాసి మరీ పంపారు. మాత్ర ఆపేయాలా అని ఆ రాత్రే ఫోన్. పొద్దున్నే రమ్మన్నాను.

ఆ అంకెలున్న మనిషి చేతులు వణకాలి, చెమటలు పట్టాలి, నాడి వందకి అటూఇటూ ఉండాలి. ఈవిడ నాడి 68. చేతులు చాపమని వేళ్ళ మీద కాగితం పెడితే కదల్లేదు. పాదం ఇప్పుడు మామూలుగా వెనక్కి వస్తోంది, అంతకంటే చురుగ్గా కాదు. రిపోర్టు ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతోంది.

జుట్టుకి ఏమైనా వాడుతున్నారా అని అడిగాను. రెండు నెలలుగా బయోటిన్, రోజుకి 10 మిల్లీగ్రాములు. పార్లర్లో ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది, విటమినే కదా అని చెప్పలేదు. చాలా ల్యాబుల మెషీన్లు హార్మోన్లని కొలవడానికి బయోటిన్‌నే వాడుకుంటాయి. రక్తంలో అది ఎక్కువైతే ఆ కొలత తప్పుతుంది. టీఎస్‌హెచ్ లేనట్టు, టీ4 పొంగిపోతున్నట్టు చూపిస్తుంది, ఒంట్లో మాత్రం ఏ మార్పూ ఉండదు. బయోటిన్ ఆపించి, వారం తర్వాత అదే ల్యాబులో చేయిస్తే టీఎస్‌హెచ్ 3.1, ఫ్రీ టీ4 1.3. మాత్ర ఒక్కరోజు కూడా ఆపలేదు.

టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి, ఈవిడలా పెద్ద డోసు వాడేవాళ్ళు ఇంకాస్త ముందే. టెస్టు రోజు రక్తం ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, ప్రతిసారీ దాదాపు ఒకే వేళకి ఇవ్వాలి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. ఒకసారి ఏడింటికి, ఇంకోసారి మూడింటికి ఇస్తే ఆ తేడానే జబ్బనుకుంటాం.

సాయంత్రం నీరసం మాత్రం ఇంకా కొంత మిగిలింది. థైరాయిడ్ అంకె బాగున్నాక కూడా దాన్నే అనుమానిస్తూ కూర్చోలేదు. ఫెరిటిన్ చూస్తే 14, ఐరన్ ఇంకా నిండలేదు. జుట్టు రాలడంలో కూడా దానికి వాటా ఉంది. ఐరన్ మరో నాలుగు నెలలు పొడిగించాను. నిద్ర సంగతి కూడా మాట్లాడాం. పదిన్నరకి పడుకుని నాలుగింటికి లేచే మనిషికి సాయంత్రం ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? వారానికి మూడు రోజులు మోటరు భర్త వేస్తున్నాడు, ఆ రోజుల్లో మాత్రా నీళ్ళూ మంచం దగ్గరికే తెచ్చిస్తున్నాడు.

చెల్లెలికి కొత్తగా పెళ్ళయిందని, పిల్లల కోసం చూస్తున్నారని చెబితే ఆవిడకీ టీఎస్‌హెచ్ చేయించమన్నాను. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్ళు గర్భం నిలిచిందని తెలిసిన రోజే డాక్టరుకి చెప్పాలి. చాలామందికి డోసు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది, తొలి నెలల్లో బిడ్డ తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆగకూడదు.

ఇప్పుడు డోసు 100 దగ్గరే ఉంది, టెస్టు ఆరు నెలలకోసారి, వచ్చే ఏడాది నుంచి ఏడాదికోసారి.

ఈ రాకపోకల్లో అత్తగారు తనకీ ఆ పరీక్ష రాయమన్నారు. ఆవిడకి 71. టీఎస్‌హెచ్ 6.4, ఫ్రీ టీ4 మామూలుగా ఉంది, యాంటీబాడీలు లేవు. ఆ వయసులో టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువుండటం సహజం, మందు మొదలుపెడితే వచ్చే మేలు కంటే గుండెకి వచ్చే బెడద ఎక్కువ కావచ్చు. మాత్ర అక్కర్లేదన్నాను. "కోడలికి రాస్తారు, నాకు రాయరా? నాకు మాత్రం నీరసం లేదా?" అని నిలదీశారు. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయిస్తే 5.1. ఆ కాగితం చూపించాను. మడిచి బొడ్లో దోపుకుని, మోకాళ్ళ నొప్పులకైనా ఏదో ఒకటి రాయమన్నారు.